ముసలితనం మీద పరిశోధన: సోషియాలజీలో నడిచేవాళ్లు తక్కువున్న దారి

ఎమ్మే సోషియాలజీ అనగానే 'సివిల్స్ ఆప్షనల్ కోసమా?' అని అడుగుతారు. దాన్నే వృత్తిగా పట్టుకుని, అందులోనూ పెద్దవయసువాళ్ల బతుకుల మీద పనిచేసే ప్రొఫెసర్లు మన దగ్గర తక్కువే. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైచిలుకు. ఈ పని ఇంకా పెరిగేదే.

ఏం చేస్తారు వీళ్లు? పింఛను సంగతే చూడండి. చాలాచోట్ల బయోమెట్రిక్ యంత్రం మీద వేలు పెట్టాలి. జీవితమంతా నాట్లు వేసి, ఇటుకలు మోసిన అవ్వ వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలు తుడిచి, మళ్లీ పెట్టి, ఇంకో వేలు పెట్టి తిప్పలు పడుతుంది. సిబ్బందికి అది యంత్రం సమస్య. సోషియాలజిస్టుకి మాత్రం ఆమె కులం, చేసిన కూలి, ఆడదై పుట్టడం కలిసి చివరి వయసులో ఎలా లెక్క తేల్చాయో కనిపిస్తుంది. వృద్ధులందర్నీ ఒకే గాటన కట్టకూడదన్నది ఈ రంగంలో మొదటి పాఠం.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం దగ్గరా ఇదే పాఠం. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకోవచ్చని 23వ సెక్షన్ చెబుతుంది. మరి రాసివ్వడానికి సెంటు భూమి కూడా లేనివాళ్ల సంగతేంటి? ఈ ప్రశ్న మీకు వెంటనే తట్టిందంటే ఈ రంగం మీకు నప్పుతుంది.

చదువు దారి తెలిసిందే. ఏ డిగ్రీ చేసినవారికైనా ఎమ్మే సోషియాలజీకి దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ, ఉస్మానియాకి సీపీగెట్ రాయాలి. ఎమ్మేలో 55 శాతం (రిజర్వేషన్ వర్గాలకు 50) తెచ్చుకుని యూజీసీ నెట్ గానీ, రాష్ట్ర సెట్ గానీ గట్టెక్కాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000. వర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం ఏడో వేతన సంఘం లెక్కన రూ.57,700తో మొదలవుతుంది. కానీ రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు ఏళ్లకేళ్లు రావు. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెప్పుకునేవాళ్లు బోలెడు మంది. అది తెలిసే దిగండి.

పరిశోధనకు అంకెలూ కావాలి, చెవులూ కావాలి. అంకెలకు ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ వృద్ధాప్యం మీద చేపట్టిన 'లాసీ' సర్వే ఉంది. 2017-18లో 45 ఏళ్లు, ఆపైబడినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 70 వేలమందికి పైగా వివరాలు సేకరించారు. ఆ డేటా పరిశోధకులు అడిగి తీసుకోవచ్చు, కాబట్టి గణాంకశాస్త్రం అంటే జడుసుకోకండి. ఇక వినడం పుస్తకంతో వచ్చేది కాదు. కోడలు పక్కన కూర్చుంటే అత్తగారు 'బాగానే చూస్తారు నాయనా' అంటుంది. ఆమె ఒంటరిగా దొరికే వేళ కోసం రెండో రోజూ, మూడో రోజూ వెళ్లాలి. చెన్నై పేదల బస్తీల్లో ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకురాలు పెన్నీ వెరా-సాన్సో, ముసలివాళ్లు పిల్లల మీద ఆధారపడి బతుకుతారన్న నమ్మకాన్నే తలకిందులు చేశారు. ఎంతోమంది వృద్ధులు తామే సంపాదిస్తూ, మనవల్ని సాకుతూ ఇళ్లు నిలబెడుతున్నారని చూపించారు.

ప్రొఫెసర్ కొలువు దొరక్కపోయినా ఈ చదువు వృథా కాదు. హెల్పేజ్ ఇండియా లాంటి సంస్థలకు, పెద్ద సర్వేలు నడిపే పరిశోధన సంస్థలకు క్షేత్రస్థాయి పని తెలిసినవాళ్లు కావాలి. తెలుగులో ఇంటర్వ్యూ చేసి ఇంగ్లిష్‌లో నివేదిక రాయగలిగినవాళ్లకు అక్కడ గిరాకీ ఉంటుంది.