సైకిలు హేండిలు – రైతు చేతికి సుఖము

తెల్లవాఱకముందు విశాఖపట్టణమందలి పూర్ణా మార్కెట్టు దగ్గఱ నిలిచి చూచినచో, ఆటోలకును వ్యానులకును నడుమ కూరగాయల సైకిళ్లు నేటికిని కానవచ్చును. కేరియరుమీద వంకాయల బస్తా, దానిపై ఆకుకూరల మోపు, హేండిలునకు రెండు సంచులు. ఇట్లు వచ్చువారిలో మన సంఘ సభ్యులును కలరు.

వారిలో నొకరు ఇటీవల మాతో, “బాబూ! మార్కెట్టు చేరుసరికి చిటికెనవ్రేలును దాని ప్రక్కవ్రేలును తిమ్మిరెక్కుచున్నవి. బ్రేకు పట్టుటకే చేయి రాకున్నది. ఇక సైకిలు అమ్మి, సరకును ఊరిలోనే దళారికి ఇచ్చివేయుదుననుకొనుచున్నాను” అనిరి. సైకిలు మానినచో మార్కెట్టు ధరయు ఆయన చేయి దాటిపోవును. కావున మేమా సైకిలును పరిశీలించితిమి. అది కుమారుని ముచ్చటకై కొనిన, తిన్నని హేండిలు గల క్రొత్తరకము. సీటుకంటె హేండిలు నాలుగంగుళములు క్రిందుగా నుండెను. దోషము చేతిలో లేదు, హేండిలులో నున్నదని తేలినది.

హేండిలు ఆకారము ఆయా పనినిబట్టి యేర్పడినది. పందెముల సైకిలునకు క్రిందికి వంగిన హేండిలు గాలి తాకిడిని తగ్గించుటకు. తిన్నని వెడల్పు హేండిలు 1970వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా కొండదారులలో పుట్టిన సైకిళ్లతో వ్యాపించినది. రాళ్లపై దిగునపుడు చక్రమును అదుపున నుంచుట దాని పని. రైతువైపునకు వంగివచ్చు పాతరకము హేండిలు నిదానముగా, నిటారుగా కూర్చుండి పోవువారికొఱకు. యువకులు దీనిని చూచి నవ్వవచ్చును గాని, మన పనికి తగినది ఇదియే.

హేండిలు క్రిందుగను దూరముగను ఉన్నచో దేహభారము అరచేతులపై పడును. చిటికెనవ్రేలివైపు అరచేతి మడమగుండా పోవు నరము నొక్కుడుపడి, ఆ రెండు వ్రేళ్లు మొద్దుబాఱును. హేండిలు దగ్గఱకు వచ్చినచో భారము సీటుమీదికి మరలును.

అయినను వెంటనే డబ్బు ఖర్చు చేయవలదు. మొదట సీటును సరిచేయవలెను. పెడలు అడుగున నున్నప్పుడు మడమ దానిపై నుంచిన, కాలు తిన్నగా చాపుకొనవలెను. సీటు ముందునకు వాలియున్నచో సమము చేయవలెను. వాలుసీటు మనుష్యుని చేతులపైకి త్రోయును.

పిమ్మట హేండిలును సీటుతో సమముగా, లేక ఒకటి రెండంగుళములు ఎత్తుగా లేపవలెను. పైబోల్టును రెండు మూడు చుట్లు వదులుచేసి, దానిపై కఱ్ఱముక్క నుంచి సుత్తితో తట్టిన, లోపలి బిగింపు విడును. కాడమీది హద్దుగీత పైకి కానరాకూడదు. గీత లేనిచో రెండున్నర అంగుళములకు తక్కువ కాకుండ లోపల నుండవలెను. లేనిచో దారిలో కాడ విఱిగి ప్రాణాపాయము కలుగును. కొన్ని క్రొత్త సైకిళ్లలో ఈ విధపు కాడ యుండదు. వానిని షాపులో చూపవలెను.

ఇంతటితో బాధ తగ్గనిచో హేండిలు మార్చవలెను. పిడి తొడుగుచోట 22.2 మిల్లీమీటర్ల లావు సాధారణము గాని, నడుమ బిగించుచోట 25.4 మొదలు 31.8 వఱకు పలు కొలతలు కలవు. కావున పాతదానిని వెంట గొనిపోయి సరిపోల్చి కొనవలెను. రాడ్డుబ్రేకు సైకిలునకు బ్రేకుపిడులు హేండిలుతోనే కూడియుండును గనుక ఆ రకమే కొనవలెను. దానిని లేపుటకు ముందు ముందుబ్రేకు రాడ్డు బిగింపును వదులు చేయనిచో, బ్రేకు చక్రమును పట్టివేయును. తీగబ్రేకు సైకిలునకు, హేండిలును ఇరువైపుల పూర్తిగా త్రిప్పినను తీగ లాగుకొనకుండ తగిన పొడవుండవలెను.

మార్చిన పిదప ముందుచక్రమును మోకాళ్లనడుమ నొక్కిపట్టి హేండిలును త్రిప్పిచూడుడు, జాఱరాదు. రెండు బ్రేకులను పరీక్షించిన తరువాతనే బరువు కట్టవలెను.

ఒక హెచ్చరిక. హేండిలు దగ్గఱయైనప్పుడు మనిషి వెనుకకు జరుగును. వెనుక బస్తా కూడ తోడైనచో ముందుచక్రము తేలికయై ఎత్తులలో తడబడును. కావున బరువును సీటునకు దగ్గఱగా, క్రిందుగా, ఇరువైపుల సమముగా కట్టవలెను. అట్లని హేండిలునకు సంచులు తగిలింపరాదు. అవి మలుపునకును బ్రేకునకును అడ్డము.

మా సభ్యుడు సీటు సరిచేసి, వంపు హేండిలు వేయించుకొనెను. కొన్ని వారములకు తిమ్మిరి తగ్గినది. నేడును తన సరకును తానే పూర్ణా మార్కెట్టున అమ్ముకొనుచున్నాడు. అయితే సైకిలు దిగిన తరువాతను తిమ్మిరి విడువకున్నను, పట్టు సడలుచున్నను ఉపేక్షింపరాదు. మధుమేహాది వ్యాధులవలనను అట్లు కావచ్చును. కింగుజార్జి ఆసుపత్రి మార్కెట్టునకు చేరువనే యున్నది. సరకు దింపిన దినముననే చూపించుకొనుడు.

సోదర రైతులారా! రాబోవు సభకు సైకిళ్లతోనే రండు. సీటు, హేండిలు, బ్రేకు మూడింటిని ఒకరిదొకరు చూచి సరిచేసికొందము. ఇందుకు ఒక స్పానరు, ఒక సుత్తి చాలును.