గడ్డ అంతే ఉంటే మందు పనిచేయనట్టేనా?

"నెల రోజులుగా బిళ్ళలు వాడుతున్నాం డాక్టరుగారూ, స్కానులో గడ్డ అంతే ఉందంట. మానేయమంటారా?" అని రోగి బంధువులు అడుగుతుంటారు. కొందరు అడగకుండానే మానేస్తారు. ఆ తొందర ప్రాణం మీదికి తేవచ్చు.

పొయ్యి సంగతి మీకు తెలిసిందే. నిప్పు ఆరిపోయినా కట్టె కట్టెలాగే ఉంటుంది. వేడి ఉందో లేదో తెలియాలంటే చేయి దగ్గర పెట్టి చూడాలి. సీటీ స్కాను ముఖ్యంగా కట్టె కొలతను చూపుతుంది, పెట్ స్కాను నిప్పును చూపుతుంది అనుకోండి. క్యాన్సరు కణాలు సాధారణంగా చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి. అందుచేత కొద్దిపాటి రేడియోధార్మికత గల చక్కెరవంటి పదార్థాన్ని నరానికి ఎక్కించి, సుమారు గంట తరువాత ఫోటో తీస్తారు. కణాలు చురుకుగా ఉన్నచోట వెలుగు కనబడుతుంది. మెదడు, మూత్రాశయం ఎవరికైనా వెలుగుతాయి, వాటిని చూసి భయపడకండి.

ఒక మందును లోకానికి తేవడంలో ఈ వెలుగు ఎంతో సాయపడింది. కడుపు, పేగుల గోడల్లో పుట్టే జిస్ట్ అనే క్యాన్సరుకు మామూలు కీమో దాదాపు పనిచేయదు. ఆ కణాలను పెంచే కిట్ అనే ప్రోటీనును అడ్డుకునే ఇమాటినిబ్ బిళ్ళను 2000 మార్చిలో ఫిన్లాండులో ఒక స్త్రీకి ఇచ్చి చూశారు. నెల తిరిగేసరికి ఆమె కాలేయంలోని గడ్డల వెలుగు ఆరిపోయింది. తరువాత ఎక్కువమందిపై జరిపిన పరీక్షలలో మరొక సంగతి బయటపడింది. కొందరిలో వెలుగు కొద్దిరోజులకే ఆరినా గడ్డ నెలల తరబడి అంతే ఉంది. లోపల రక్తం, నీరు చేరి కాస్త పెరిగినవీ ఉన్నాయి. కొలత ఒక్కటే చూసి ఉంటే, మంచి మందును పనికిరానిదనుకునేవారు! 2007లో వచ్చిన ఒక పద్ధతి ప్రకారం, ఈ జబ్బుకు సీటీలో గడ్డ సాంద్రత 15 శాతం తగ్గినా మందు పనిచేస్తున్నట్టే లెక్క.

ఈ మందు ధర మొదట్లో నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003లో ఇదే మందును వీనాట్ పేరుతో చాలా తక్కువ ధరకు తెచ్చింది. అసలు కంపెనీ పేటెంటు కోరగా 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించింది.

అన్ని క్యాన్సర్లకూ ఈ లెక్క కుదరదు. జబ్బు ముదిరి గడ్డ పెరగడమూ ఉంటుంది. అది తేల్చవలసింది డాక్టరుగారే. అంతవరకు బిళ్ళలు ఆపవద్దు.

పెట్ స్కానుకు ముందు సుమారు ఆరు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకండి. షుగరు ఉంటే ముందుగానే చెప్పండి. స్కాను అయ్యాక కొన్ని గంటలు పసిపిల్లలను, గర్భిణులను రోగికి దూరంగా ఉంచండి. చీరాల నుండి పెద్ద ఊరికి స్కానుకు వెళ్ళేటప్పుడు పాత ఫిల్ములు, సీడీ మరచిపోవద్దు. వాటితో పోల్చి చూస్తేనే వెలుగు తగ్గిందో లేదో తెలుస్తుంది.