మహేంద్రగిరికి కాలినడకన

ప్రశ్న: హిమాలయాల్లోలా రోజుల తరబడి నడిచే కొండదారి మన వైపు ఉందా? మందస నుంచి మహేంద్రగిరి ఎక్కొచ్చాండీ?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: గుర్తులు పెట్టి, మజిలీలు కట్టిన పొడవాటి దారి ఇక్కడ లేదు. మహేంద్రగిరి మాత్రం ఎక్కొచ్చు. ఎత్తు 1501 మీటర్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి. హిమాలయాల్లో చాలా నడకలు రెండు వేల మీటర్ల పైనే మొదలవుతాయి. మందస సముద్రానికి దగ్గర కాబట్టి ఇక్కడ ఆ ఎత్తంతా మీ మోకాళ్లే మొయ్యాలి. అందుకే రెండు నెలల ముందు నుంచీ బరువు సంచితో మెట్లెక్కడం, ముఖ్యంగా దిగడం, అలవాటు చేసుకోండి.

శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి జనం బారులు తీరతారు కాబట్టి దారి తప్పే భయం ఉండదు. మిగతా రోజుల్లో కొండ దిగువ సవర ఊళ్ల నుంచి ఒకరిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. ఈ ఖర్చు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మందస జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, చీకటితో బయల్దేరకండి. ఏనుగుల జాడ, అనుమతుల సంగతి రెండు రాష్ట్రాల అటవీ సిబ్బందినీ అడగండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ, రాత్రికి దోమతెర ఉండాలి. వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే మలేరియా పరీక్ష చేయించుకోండి. దిగేటప్పుడు కాళ్లు మొరాయిస్తే ఒడిశా వైపు బండిదారి ఉంది.