ముసురు రోజుల్లో పెరటి కోళ్లు

ఆషాఢం ముసురు పట్టిందంటే పెరటి కోళ్లకు గడ్డుకాలం వచ్చినట్టే. గూడు కింద నేల ఆరదు, దోమలు ముసురుతాయి, బోనాలకూ జాతర్లకూ కోళ్లు సంతల మీదుగా ఊరూరూ మారుతుంటాయి. ఈ కాలపు రోగాలన్నీ చాలామటుకు ఈ మూడు దారుల్లోనే వస్తాయి. ఇంట్లో కోళ్ల బాగోగులు చూసేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి ఈసారి మాటలు ముందు అమ్మలకూ అక్కలకూ.

కోడి తన నలతను బయటపడనివ్వదు. నీరసించిన దాన్ని మిగతావి పొడిచి తరుముతాయి, అందుకని ఓపిక ఉన్నంతసేపూ మందతోనే తిరుగుతుంది. రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూల నిలబడిందంటే జబ్బు అప్పటికే ముదిరిందన్నమాట. దాన్ని అంతకన్నా ముందే పసిగట్టాలి. సాయంత్రం గంప కింద మూసేటప్పుడు ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని చూడండి. మెడ మొదట్లో మేత నిలిచే సంచి నిండుగా, మెత్తగా తగలాలి. తెల్లారేసరికి అది ఖాళీ అయిపోవాలి. సాయంత్రం ఖాళీగా ఉంటే ఆ రోజు మేత ముట్టలేదని, పొద్దున కూడా గట్టిగా ఉంటే మేత దిగక అడ్డుపడిందని తెలుసుకోవచ్చు. తిండి బాగానే తింటున్నా రొమ్ము దగ్గర కండ కరిగి ఎముక మొనదేలితే ముందు కడుపులో పాములను అనుమానించాలి.

పొద్దున చూడాల్సింది రెట్ట. మంచి రెట్ట గట్టిగా ఉండి పైన కాస్త తెల్లటి పూత ఉంటుంది. మధ్యమధ్యలో గోధుమ రంగులో, జిగటగా, కంపు కొట్టేది ఒకటి పడుతుంది. అది సహజమే, గాభరా పడి మందులకు పరుగెత్తొద్దు. పొదుగుకు కూర్చున్న పెట్ట కూడా మేత తగ్గించి, ఈకలు ఉబ్బించి, రోజుకోసారి పెద్ద రెట్ట వేస్తుంది. చెయ్యి పెడితే కోపంగా పొడుస్తుంది. జబ్బు పడ్డ కోడికి పొడిచేంత ఓపిక ఉండదు.

ఇక అసలు భయం కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖేత్ అనేది దీన్నే. పచ్చగా, తెల్లగా నీళ్ల విరేచనాలు, నోరు తెరిచి గురకతో ఊపిరి తీయడం, తోలు గుడ్లు పెట్టడం, తర్వాత మెడ మెలిపడటం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం దీని గుర్తులు. టీకా లేని మందలో సోకితే రోజుల్లోనే గూళ్లు ఖాళీ అవుతాయి. ఇది వైరస్ వల్ల వచ్చేది, దీన్ని నయం చేసే మందు లేదు. అయినా మన ఊళ్లలో కోడి తూలితే చాలు, మనుషుల మందుల షాపు నుంచి టెట్రాసైక్లిన్ గొట్టం తెచ్చి నోట్లో పోస్తారు. డబ్బు దండగ, కాలం దండగ. పైగా ఆ మందు గుడ్లలోకీ మాంసంలోకీ దిగుతుంది. యాంటీబయోటిక్ అవసరమో కాదో చెప్పాల్సింది పశువైద్యుడు. ఆయన ఇచ్చినా, మందు వాడిన తర్వాత ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి.

నిజంగా మందు పనిచేసే జబ్బు రక్త పారుడు. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో ఎక్కువ. పిల్లలు ముడుచుకుని ఒకదానిమీదొకటి ఎక్కుతాయి, రెట్టలో నెత్తురు పడుతుంది. దీని సూక్ష్మజీవి తడి నేలలోనే బలం పుంజుకుంటుంది. అందుకే ఊక ముద్దయిన రోజే తీసి ఎండుది పరవాలి, నీళ్ల గిన్నెను ఇటుక మీద పెట్టాలి, పిల్లల్ని పెద్ద కోళ్ల రెట్ట పడే చోట తిరగనివ్వకూడదు. 20 శాతం ఆంప్రోలియం పొడిని 10 లీటర్ల నీటికి 6 గ్రాముల చొప్పున కలిపి 5 రోజులు తాగించాలి. పొట్లం మీద శాతం వేరుగా ఉంటే మోతాదు మారుతుంది, అడిగి వాడండి. ఆ రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ కలపొద్దు, మందు పని తగ్గుతుంది.

తురాయి మీదా కళ్ల చుట్టూ పొక్కులు లేచి నల్లటి చెక్కు కడితే అది కోళ్ల మశూచి. దోమల వల్ల పాకుతుంది. చెక్కులు గిల్లకుండా వేపనూనెలో పసుపు కలిపి రాయండి. చాలావరకు మానిపోతాయి. నోట్లో పుండ్లు పడి మేత మానేస్తే మాత్రం పశువైద్యుడికి చూపించడంలో ఆలస్యం చేయకండి.

జబ్బు ఏదో తెలిసేలోపు చేయాల్సిన పని ఒకటే. కోడిని వేరే గంపలో, గాలి తగిలే పొడి చోట, మందకు దూరంగా ఉంచాలి. మేతకన్నా ముందు నీళ్లు. లీటరు నీటిలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు వేసి ముక్కు పక్క నుంచి చుక్కలుగా వదలండి. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అప్పుడే చావొచ్చు. మెత్తగా ఉడికిన నూక పెట్టండి. ముందు బాగున్న కోళ్ల పని చూసుకుని, జబ్బుదాని దగ్గరికి చివర్లో వెళ్లి, చేతులూ కాళ్లూ సబ్బుతో కడుక్కోండి. సంతలో కొన్న కోడిని కూడా రెండు మూడు వారాలు ఇలాగే విడిగా ఉంచాలి.

జబ్బు కోడిని చచ్చేలోపు కోసుకుందాం, లేదా సంతలో వదిలించుకుందాం అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. నా దృష్టిలో ఊరంతటికీ రోగం అంటించేది ఇదే. ఆ ఈకలూ పేగులూ పెంటకుప్ప మీద పడితే కుక్కలూ కాకులూ వీధి వీధికీ మోస్తాయి. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది గుర్తుందిగా. ఒకేసారి కోళ్లు రాలిపోతున్నా, తలలు వాచి తురాయిలు నీలం తిరిగినా ఒట్టి చేతులతో తాకకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేయవచ్చు.

కొక్కెరకు టీకా ఒక్కటే దారి. పిల్లకు వారం రోజుల వయసులో లసోటా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి, నాలుగైదు వారాలకు మళ్లీ ఒకసారి. ఎనిమిది వారాలకు ఆర్‌టుబి సూది రెక్క కింద. మశూచి టీకా కూడా ఆ వయసుకే. టీకాకు వారం ముందు పాముల మందు తాగిస్తే మంచిది. జబ్బున్న కోడికి టీకా వేయించొద్దు. టీకా సీసా ఐసు మీద రావాలి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. చిక్కల్లా ఇక్కడే. ఒక సీసా వంద కోళ్లకు పైగా సరిపోతుంది, మన పెరట్లో ఉండేవి పదో పదిహేనో. సీసా వృథా అవుతుందని ఎవరూ తెప్పించరు. అందుకని మీ వీధిలో కోళ్లున్న ఇళ్లవాళ్లంతా ఒక రోజు అనుకోండి, లెక్క రాసుకుని పశువైద్యశాలలో ముందే చెప్పండి, ఆ రోజు పొద్దున్నే కోళ్లను వదలకుండా గంపల కిందే ఉంచండి. శ్రావణం రాకముందే ఈ పని అయిపోవాలి.