గ్రంథాలయంలో అడిగిన ప్రశ్నలకు లెక్క

గ్రంథాలయం నుండి వెళ్లిన పుస్తకాలకు లెక్క ఉంటుంది. అక్కడ అడిగిన ప్రశ్నలకు సాధారణంగా ఉండదు. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడం. ఏ ప్రశ్నకు ఎంత కాలం పట్టినదో తెలియనిదే ఆ సూత్రం నెరవేరదు.

ఈ లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్ తగినది? 2000లో న్యూజిలాండ్‌లో వాడుకలోకి వచ్చిన ‘కోహా’, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ‘సోల్’ ప్రధానంగా గ్రంథసూచికి, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలుకు ఉద్దేశించినవి. ప్రశ్నల నమోదుకు ఉపకరించే ‘లిబ్‌ఆన్సర్స్’ వంటివి ఏటేటా చందా కోరుతాయి. చిన్న కళాశాలకు తొలిమెట్టుగా, ఉచితంగా లభించే ‘లిబ్రేఆఫీస్’ పట్టిక చాలునని మా అభిప్రాయం.

అందులో ఐదు గడులుండాలి: తేదీ, భాష, విషయం, పట్టిన నిమిషాలు, జవాబు దొరికినదా లేదా. అడిగినవారి పేరు వ్రాయరాదు. వ్రాసినచో బిడియస్థులు ప్రశ్నించడమే మానుకొంటారు. ఏ సాధనాన్ని ఎన్నుకొన్నా, కుడినుండి సాగే ఉర్దూను, ఎడమనుండి సాగే తెలుగును అది చెదరక చూపాలి. లెక్కలను వేరొక సాధనానికి తరలించుకొనే వీలుండాలి.

ఐదవ గడియే అన్నిటిలో విలువైనది. గుంతకల్లు వంటి రైల్వే కూడలిలో ఉద్యోగ పరీక్షలపై ఉర్దూలో అడిగిన ప్రశ్న మాటిమాటికీ జవాబులేక మరలిపోతే, వచ్చే ఏడు ఏ పుస్తకం కొనవలెనో కమిటీకి అదే తెలుపుతుంది. నీటికొరత గల సీమలో బావికి చోటు ముందుగా ఎంచుతారు కదా! కనుక విద్యార్థులు సంకోచింపక అడుగుదురుగాక. అడగని ప్రశ్న ఏ లెక్కకూ అందదు.