చీకట్లో రైలు ఫొటోలు: ఖర్చు తగ్గించే చిట్కాలు

ఇంట్లో ఎవరికైనా రైళ్ల పిచ్చి పట్టిందంటే ఆ వెంటనే కొత్త కెమెరా కోసం పేచీ మొదలవుతుంది. కాస్త ఆగండి. గుంటూరు, తెనాలి, చీరాల, ఒంగోలు ఏ స్టేషన్‌లోనైనా రాత్రి ఫొటో మసకబారిందంటే తప్పు చాలాసార్లు కెమెరాది కాదు, చెయ్యి కదిలి ఉంటుంది. ఉన్న కెమెరాతోనే, ఇంట్లో ఉన్న వస్తువులతోనే పని జరుగుతుంది. ఇవన్నీ నేను చేసి చూసినవే.

1. చిమ్మచీకటి పడేదాకా కూర్చోకండి. పొద్దుగుంకాక ఇరవై నిమిషాలకు ఆకాశం ఇంకా నీలంగానే ఉంటుంది, స్టేషన్ లైట్లూ వెలుగుతాయి. ఆ కాసేపట్లో తీసిన ఫొటోకు వచ్చే రంగు తర్వాత గంటలకొద్దీ తంటాలు పడ్డా రాదు.

2. ముందు ఆగి ఉన్న రైలు మీద చెయ్యి కుదుర్చుకోండి. తెల్లవారుజామున గుంటూరులో బయలుదేరే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ లాంటివి మేలు. హడావుడి ఉండదు, ఒకటికి నాలుగు సార్లు తీసుకోవచ్చు.

3. ట్రైపాడ్ కొనకండి. పాత దిండు గలీబు కత్తిరించి జానెడు సంచి కుట్టి, ముప్పాతిక వంతు కందులో పత్తిగింజలో నింపి మూతి కుట్టేయండి. ప్లాట్‌ఫారం బెంచీ మీదో, మెట్ల వంతెన గోడ మీదో ఆ సంచి పెట్టి కెమెరాను అందులోకి అదిమితే కదలకుండా కూర్చుంటుంది. జనం కాళ్లకు అడ్డం పడదు, "ఇదేంటమ్మా, స్టాండు తెచ్చావ్" అని ఎవరూ ఆపరు. బియ్యం మాత్రం పోయకండి, పిండి రాలి కెమెరా సందుల్లోకి పోతుంది.

4. బెంచీ కూడా దొరకని చోటికి ఇంకో ఉపాయం ఉంది. కెమెరా అడుగున ఉండే మర మామూలుగా పావంగుళం సైజు. దానికి పట్టే పొట్టి బోల్టు హార్డ్‌వేర్ కొట్లో అడిగి, గట్టి తాడు కట్టి, తాడు కొసను కాలితో తొక్కిపట్టి కెమెరాను పైకి బిగలాగండి. వణుకు సగం తగ్గుతుంది, ఖర్చు టీ నీళ్లంత.

5. సంచి మీద పెట్టాక కూడా బటన్ నొక్కితే కెమెరా అదురుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయండి.

6. ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు ఎక్కువ దూరం పోదు, పోయినా లోకో పైలట్ కళ్లలో కొడుతుంది.

7. ఐఎస్‌వో 1600 దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే 3200కు వెళ్లండి. ఫొటో కాస్త గరుకుగా వస్తుంది, రానీయండి. గరుకును కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన ఫొటోను బాగుచేసే మందు లేదు.

8. కెమెరాతో వచ్చిన లెన్సును పూర్తిగా జూమ్ చేయకండి. జూమ్ చేసేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ప్లాట్‌ఫారం మీదే నాలుగడుగులు ముందుకు నడవండి, నడకకు డబ్బులు అక్కర్లేదుగా.

9. ఏదో ఒకటి కొనాల్సిందే అని పట్టుబడితే కెమెరా మార్చొద్దు, 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు కొనండి. ఎఫ్ 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు పడుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే బేరం ఇంకా లాభం.

10. పరుగు మీదున్న రైలుకు కాస్త లెక్క కావాలి. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. మన ముందు నుంచి అడ్డంగా పోతుంటే సెకనులో 60వ వంతు షట్టర్‌కు రైలు 60 సెంటీమీటర్లు జరుగుతుంది, 500వ వంతు పెడితే ఏడు సెంటీమీటర్లే. అదే రైలు దూరం నుంచి మనవైపు వస్తుంటే కదలిక అంతగా తెలియదు, 125వ వంతుతో గట్టెక్కవచ్చు. అందుకే చీకట్లో ఎదురుగా వచ్చే రైలునే ఎంచుకోండి.

11. తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్లే వందేభారత్ చీకటి పడ్డాక గుంటూరు చేరుతుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన బండి. దాని హెడ్‌లైటు, తెల్లటి ముక్కు చూసి కెమెరా తికమక పడుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు మైనస్‌లో పెడితే ముక్కు సున్నం కొట్టినట్టు తేలిపోదు.

12. చీకట్లో ఆటోఫోకస్ వెతుక్కుంటూ ఉండగానే రైలు వెళ్లిపోతుంది. రైలు రాకముందే, అది వచ్చే చోట ఉన్న కరెంటు స్తంభం మీద ఫోకస్ పెట్టి, మాన్యువల్‌కు మార్చి ఉంచుకోండి.

13. వాన వెలిసిన రాత్రి ఇంట్లో కూర్చోకండి. తడిసిన ప్లాట్‌ఫారం లైట్లన్నీ తిరిగి చూపిస్తుంది, ఫొటో రెట్టింపు నిండుగా కనిపిస్తుంది.

14. గూడ్సు బండ్లను చిన్నచూపు చూడకండి. లూప్ లైన్లో గంటల తరబడి ఆగుతాయి, రెండు మూడు సెకన్ల షట్టర్‌తో తీరిగ్గా తీయొచ్చు. మన గుంటూరు ఎండుమిర్చి 2020 జూలైలో రెడ్డిపాలెంలో పార్సిల్ రైలెక్కి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్ దాకా వెళ్లింది తెలుసా! ఫొటోకు అంతకన్నా మంచి వస్తువు ఏముంది?

15. మిర్చి సీజన్లో గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గాలిలోనే కారం ఉంటుంది. స్నానానికి వాడే ప్లాస్టిక్ టోపీని కెమెరాకు తొడిగి, లెన్సు ముందుభాగం ఒక్కటే బయట పెట్టండి. అక్కడ లెన్సు మార్చకండి.

16. దుమ్ము పడితే చీర చెంగుతో తుడవొద్దు, చేలో పత్తితో అసలే వద్దు. పీచు, నలుసులు అంటుకుని అద్దం మీద గీతలు పడతాయి. రబ్బరు బల్బుతో గాలి ఊది, కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డతో అద్దండి.

17. ఏసీ బోగీలోంచో ఏసీ గదిలోంచో బయటికి రాగానే కెమెరా తీస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది. ముందే గాలి చొరబడని కవర్లో కట్టి, బయట పావుగంట అలాగే ఉంచి తీయండి.

18. రాత్రిపూట కెమెరా తెరను మసక చేసుకోండి. వెలుగు ఎక్కువుంటే నల్లటి ఫొటో కూడా బాగున్నట్టే కనిపిస్తుంది, ఇంటికొచ్చాక అసలు సంగతి తెలుస్తుంది.

19. ఒక్కో స్టేషన్‌లో పసుపు లైటూ తెల్ల లైటూ కలిసి ఉంటాయి. ఫైలును "రా"లో తీసుకుంటే రంగులు ఇంట్లో దిద్దుకోవచ్చు. కార్డు మాత్రం త్వరగా నిండుతుంది, పాతవి ముందే ఖాళీ చేయండి.

20. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది. వెంటవెంటనే వచ్చే రెండు మూడు రైళ్లు చూసుకుని వెళ్తే ఒక్క టికెట్టుతో పని తీరుతుంది.

21. పసుపు గీత దాటకండి, కర్రలూ సెల్ఫీ స్టిక్కులూ పైకి ఎత్తకండి. పైనున్న తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పిల్లల్ని పంపేటప్పుడు ఈ ఒక్కటీ గట్టిగా చెప్పి పంపండి.