బాప్తిస్మము: క్రొత్త విశ్వాసులకు ఒక పాఠము

చదువవలసిన భాగములు: రోమా 6:1–14, అపొస్తలుల కార్యములు 8:9–39, గలతీ 3:26–29.

పాఠము యొక్క సారము: బాప్తిస్మములో మన పాత జీవితము క్రీస్తుతో కూడ పాతిపెట్టబడును. పాతిపెట్టిన దానిని మరల త్రవ్వి తీసికొనకూడదు.

పంటలు ఇండ్లకు చేరి, పనులు కొంత తెరపియైన దినములలో మన పల్లె సంఘములలో అనేకులు బాప్తిస్మమునకు సిద్ధపడుదురు. కొన్ని సంఘములకు తొట్టి కలదు. కొన్నిటికి చెరువో, కాలువయో, ఏరో ఆధారము. నీరు ఎక్కడిదైనను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ నీళ్లలోనికి దిగువాడు ఏమి విడిచిపెట్టుచున్నాడు? పైకి వచ్చువాడు ఏమి ధరించుకొనుచున్నాడు? క్రొత్తగా నమ్మినవారికి దీనిని తేటగా చెప్పవలెననియు, ముందే బాప్తిస్మము పొందిన మనము దీనిని మరల జ్ఞాపకము చేసికొనవలెననియు తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. మాటయొక్క అర్థము

క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో ఈ మాటకు మూలము "బాప్టిజో" అను క్రియ. ముంచుట అని దాని భావము. దానికి దగ్గర బంధువైన "బాప్టో" అను మాటను బట్టలకు రంగు అద్దువారును వాడిరి. చీరాల ప్రాంతపు నేతపనివారిని ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. నూలును రంగుతొట్టిలో ముంచి తీసినప్పుడు అది తడియుట మాత్రమే గాక వేరొక రంగు నూలగును. అయితే ముంచుటకు ముందు జిడ్డు పోవునట్లు దానిని ఉడికించి కడుగుదురు. అట్లు చేయనియెడల రంగు సరిగా పట్టదు, పట్టినను నిలువదు. పెంతెకొస్తు దినమున పేతురు జనులతో మొదట మారుమనస్సును గూర్చి, పిమ్మట బాప్తిస్మమును గూర్చి పలికెను (అపొ. కార్య. 2:38). ఆ వరుసను మనము తారుమారు చేయరాదు.

పౌలు దీనికి మరియొక పోలిక చెప్పెను. అది సమాధి. క్రీస్తు మరణించి, పాతిపెట్టబడి, లేచెను. నీళ్లలో మునిగినవాడు ఆయనతో కూడ పాతిపెట్టబడినవాడనియు, పైకి లేచినవాడు నూతన జీవములో నడుచుకొనవలసినవాడనియు రోమా పత్రిక ఆరవ అధ్యాయము బోధించుచున్నది. మన బాప్తిస్టు సంఘములు నిండ ముంచుటను ఆచరించుట ఇందువలననే. ఇతర సంఘములలో నీళ్లు పోయుదురు, లేదా చిలకరింతురు. ఆది సంఘపు దినములలో వ్రాయబడిన "డిడాకే" అను చిన్న గ్రంథము పారునట్టి నీటిని మొదట కోరి, తగినంత నీరు లేనిచోట తలమీద మూడుమారులు పోయుటకు సెలవిచ్చెను. కావున ఈ విషయమై పొరుగు సంఘమువారితో కలహింపక, మన ఆచారపు భావమును మనము చక్కగా ఎరిగి నడుచుకొందము.

2. నీరు మంత్రము కాదు

సమరయలో సీమోను అను గారడీవాడు ఉండెను. ఫిలిప్పు ప్రకటించిన సువార్తను విని అతడును నమ్మి బాప్తిస్మము పొందెను. అయినను అపొస్తలులు చేతులుంచగా పరిశుద్ధాత్మ అనుగ్రహింపబడుట చూచి, ఆ అధికారమును రూకలిచ్చి కొనజూచెను. అతని హృదయము దేవునియెదుట సరియైనది కాదని పేతురు గద్దించెను. చూడుడి, అతని దేహము తడిసినది గాని అతని వ్యాపారబుద్ధి తడియలేదు.

మరియొక ప్రక్క, సిలువమీద మారుమనస్సు పొందిన దొంగకు బాప్తిస్మము పొందు సావకాశమే లేకపోయెను. అయినను ప్రభువు అతనికి పరదైసును వాగ్దానము చేసెను (లూకా 23:39–43). కాబట్టి రక్షించునది నీరు కాదు. కృపచేతనే, విశ్వాసముద్వారా రక్షణ కలుగును (ఎఫెసీ 2:8, 9).

అట్లయిన బాప్తిస్మము ఎందుకని కొందరు అడుగుదురు. ప్రభువు ఆజ్ఞాపించెను గనుక (మత్తయి 28:19). పెండ్లిలో పదిమంది యెదుట మాట ఇచ్చుకొనరా? ఇంటిలో రహస్యముగా ప్రేమించుచున్నామని చెప్పి, పదిమంది యెదుట ఒప్పుకొననివాని ప్రేమను ఎవరు నమ్ముదురు? బాప్తిస్మము విశ్వాసి అందరి యెదుట చేయు ఒప్పుకోలు. ఫిలిప్పు బోధ విన్న ఐతియొపీయుడు దారిలో నీళ్లు కనబడగానే, తనకు ఆటంకమేమని తానే అడిగెను. ఇతరులు లాగుకొని వచ్చుట వేరు, తానై అడుగుట వేరు.

3. నీళ్లలో విడువవలసినవి

పాత జీవితమనగా త్రాగుడు, జూదము, అబద్ధము, వ్యభిచారము మొదలైనవని అందరమును ఎరుగుదుము. వీటిని విడువవలెనని బోధకులు తరచుగా చెప్పుచునే యున్నారు. అంత తరచుగా చెప్పని మూడు సంగతులను ఇక్కడ వివరింతుము.

మొదటిది, లాభాపేక్ష. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు ప్రాంతమంతయు అల్లాడెను. అప్పుడు ఒంగోలులో నున్న మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైగా పనిని గుత్తకు తీసికొని, వేలాదిమందికి కూలి దొరకునట్లు చేసెను. ఆ పనిలో బోధకులు జనులతో కలిసి పనిచేయుచు, విశ్రాంతి వేళలలో సువార్త చెప్పిరి. బాప్తిస్మము కోరినవారు అనేకులు. అయినను కరవు సాగినంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చినవారెవరో క్రీస్తుకొరకు వచ్చినవారెవరో తెలియవలెనని ఆయన కోరెను. కరవు తీరి, ఇక సహాయమేమియు లేదని చెప్పిన తరువాతను జనులు వచ్చిరి. తమకు సహాయము అక్కరలేదనియు, బాప్తిస్మము మాత్రమే కావలెననియు బ్రతిమాలిరి. అప్పుడు 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున, గుండ్లకమ్మ యేటి యొడ్డున నున్న వెల్లంపల్లియొద్ద, ఆరుగురు బోధకులు ఒక్కొక్కమారు ఇద్దరు చొప్పున నీళ్లలో నిలిచి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఆ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకొందుము. అయితే ఆ సంఖ్యకు ముందు గడచిన నెలల ఓర్పును మరచిపోవుదుము. బడిలో సీటు, ఆసుపత్రిలో దయ, బట్టలు, ఉద్యోగము, పెండ్లి సంబంధము – వీటిలో దేనిని ఆశించి నీళ్లలోనికి దిగినను అది దొరకనినాడు విశ్వాసము ఎండిపోవును. ఇచ్చెదమని ఆశ చూపువారి దోషము మరి యెక్కువ.

రెండవది, కులము. క్లౌ దొరగారు 1866లో ఒంగోలుకు వచ్చిన క్రొత్తలో, తోళ్ల వర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందెను. ఆయన మాదిగవాడు. ఆయన సాక్ష్యమువలన ఆయన జనులు అనేకులు రాసాగిరి. వారిని చేర్చుకొన్నయెడల తాము రామని అగ్రకులములవారు మిషనరీకి తెలియజేసిరి. ఏమి చేయుదునని ఆయన ఒక గదిలో బైబిలు తెరవగా మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయము, 26వ వచనము మొదలు కనబడెను. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. వేరొక గదిలో ఆయన భార్యయు అదే భాగమును చదివెననియు, ఇద్దరును దానిని దేవుని జవాబుగా ఎంచిరనియు ఆయన తన జీవితచరిత్రలో చెప్పెను. ద్వారము పేదలకు మూయబడలేదు.

ఆ ద్వారమున వచ్చినవారి సంతానమైన మనము ఇప్పుడేమి చేయుచున్నాము? అనేక పల్లెలలో రెండు పేటలకు రెండు గుడులు. ఒకే క్రీస్తు, ఒకే బైబిలు. కాని ఆ పేటవారి బల్లయొద్ద ఈ పేటవాడు కూర్చొనుటకు సందేహించును. కుమార్తెకు సంబంధము చూచునప్పుడు భక్తిని రెండవదిగా, కులమును మొదటిదిగా విచారించెదము. తనను త్రోసివేసిన గోడను తానే మరల తనకంటె తక్కువవానియెదుట కట్టువాడు బాప్తిస్మములో దేనిని పాతిపెట్టెను? బాప్తిస్మము పొందినవారు క్రీస్తును ధరించుకొనిరనియు, ఆయనయందు అందరును ఒక్కటియనియు గలతీ పత్రిక చెప్పుచున్నది. గుండ్లకమ్మ నీరు ఎవరి కులమును అడుగలేదు. మన తొట్టియు అడుగకూడదు, మన బల్లయు అడుగకూడదు.

మూడవది, భయము. ఇంటివారు వెలివేయుదురను భయము, అత్తమామల భయము, రచ్చబండయొద్ద ఎగతాళి భయము. వీటితో కూడ, మన కాలమున కాగితపు భయమును కలదు. దీనిని దాచక చెప్పుట మంచిది. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైనవానికి ఆ హోదా నిలువదు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తింపజేయబడినది గాని క్రైస్తవులకు వర్తింపజేయబడలేదు. మన తెలుగు రాష్ట్రములలో అట్టివారిని వెనుకబడిన తరగతుల "సి" గుంపులో చేర్చిరి. ఈ భేదము తొలగవలెనని క్రైస్తవ సంఘములు ఎన్నో యేండ్లుగా అడుగుచున్నవి, అడుగుటయు న్యాయమే.

ఈ భయమువలన బాప్తిస్మమును వాయిదా వేయువారిని మేము తీర్పు తీర్చము. చదువుకొను బిడ్డలున్న పేద తండ్రి భారము తేలికైనది కాదు. అయితే రెండు మాటలు చెప్పవలసియున్నది. పాదిరిగారలారా, ఈ సంగతిని బాప్తిస్మము కోరువానికి ముందుగానే తెలియజేయుడి. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి వెల లెక్కింపవలెనని ప్రభువే చెప్పెను (లూకా 14:28). సహోదరులారా, లెక్కించిన తరువాత ఏ నిర్ణయమునకు వచ్చినను, గుడిలో ఒక మాట, కచ్చేరీలో ఒక మాట పలుకు జీవితమును ఎన్నుకొనకుడి. రెండు నాలుకల విశ్వాసము బిడ్డలకు నేర్పు పాఠము, పోయిన ఉద్యోగముకంటె ఎక్కువ నష్టము కలిగించును.

4. లేచిన తరువాత

బాప్తిస్మము గమ్యము కాదు, బయలుదేరు స్థలము. విత్తనము నాటినదినముననే కోత కోయుదుమా? క్రొత్త విశ్వాసీ, నీళ్లలోనుండి లేచిన మరునాడు నీ పొలములో అదే కలుపు ఉండును, నీ కోపమును అక్కడక్కడ మొలకెత్తును. దిగులుపడకుము. కలుపు మొలచుట వింత కాదు, తీయకుండుట తప్పు.

పేరు మార్చుకొనుట తప్పనిసరి కాదని తెలిసికొనుడి. కొర్నేలీ బాప్తిస్మము పొంది కొర్నేలీగానే యుండెను. లూదియ లూదియగానే యుండెను. మార్పు నడతలో కనబడవలెను. బాప్తిస్మము పొందిన దినముననే ఫిలిప్పీ చెరసాల నాయకుడు తాను కాపలాకాచిన ఖైదీల గాయములు కడిగి, తన యింట వారికి భోజనము పెట్టెను (అపొ. కార్య. 16:33, 34). నమ్మిన గడియలోనే అతని చేతులు మారినవి! మీ చేతులచేత గాయపడినవారు ఎవరైన నున్నారా? తప్పుడు తూకము, తీర్చని బాకీ, గట్టు జరిపిన పొలము, మాటలాడని అన్నదమ్ముడు – అక్కడ మొదలుపెట్టుడి.

భర్త ఇంకను నమ్మని యింటిలో ఒంటరిగా బాప్తిస్మము పొందిన సహోదరీ, నీ మార్గము కష్టమైనది. వాదముకంటె నీ నెమ్మదియైన నడత ఎక్కువగా బోధించునని పేతురు వ్రాసెను (1 పేతురు 3:1, 2). అయితే కొట్టుదెబ్బలను మౌనముగా దాచుకొనవలెనని దాని భావము కాదు. సంఘపు పెద్దమ్మలతో చెప్పుకొనుము. నీవు ఒంటరివి కావు.

5. సంఘముయొక్క బాధ్యత

బిడ్డ పుట్టిన తరువాత తల్లి నిద్రపోదు. మన సంఘములైతే బాప్తిస్మపు పుస్తకములో పేరు వ్రాసికొని నిద్రపోవుచున్నవి. పెంతెకొస్తునాడు చేరిన ఇంచుమించు మూడు వేలమంది బోధయందును, సహవాసమందును, రొట్టె విరుచుటయందును, ప్రార్థనయందును ఎడతెగక యుండిరి (అపొ. కార్య. 2:41, 42). ఈ నాలుగును ఒకరే చేయదగినవి కావు; తోడు కావలెను. గనుక బాప్తిస్మము పొందిన ప్రతివానికిని సంఘములో ఒక కుటుంబమును తోడుగా నియమించుడి. చదువురానివానికి వారమునకు రెండుమారులు వాక్యము చదివి వినిపించుడి. వెలివేయబడినవానికి పండుగనాడు మీ యింట ఆకు వేయుడి. అప్పుడు అతడు ఒక ఇల్లు పోగొట్టుకొని పది ఇండ్లు సంపాదించుకొనును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సీమోను నమ్మి బాప్తిస్మము పొందినను అతనిలో విడువబడనిది ఏమి? మనలో అట్టిది ఏమి కలదు?
2. కరవుకాలములో బాప్తిస్మము ఇయ్యకుండుట సరియైనదా? మీ కారణములు చెప్పుడి.
3. మన పల్లెలో రెండు పేటల విశ్వాసులు ఒకే బల్లయొద్ద కూర్చొనుటకు ఈ సంవత్సరము మనము చేయదగిన ఒక పని ఏది?
4. గత సంవత్సరము బాప్తిస్మము పొందినవారి పేరులు చెప్పుడి. వారిలో నేడు ఆరాధనకు రానివారెవరు? వారియొద్దకు ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నీ కుమారునితో కూడ మమ్మును పాతిపెట్టి, ఆయనతో కూడ లేపినందుకు నీకు వందనములు. విడిచినదానివైపు మరల చేయి చాపకుండ మమ్మును కాపాడుము. నీళ్లయొద్దకు వచ్చుచున్న క్రొత్త బిడ్డలకు నిజమైన మారుమనస్సును, ధైర్యమును దయచేయుము. వారిని చేర్చుకొనుటకు మా యిండ్ల తలుపులను, మా హృదయములను తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమెన్.